ఖాళీ కంటైనర్: బరువు తక్కువ, పట్టు మరీ తక్కువ

ఫ్లాట్‌బెడ్ ట్రెయిలర్ (గోడలూ కప్పూ లేని చదునైన ట్రెయిలర్) మీదికి ఖాళీ కంటైనర్ ఎక్కగానే అందరికీ ఓ ధీమా వచ్చేస్తుంది. లోపల సరుకు లేదు, పాడయ్యేదీ లేదు, ఒరిగిపోయేదీ లేదు. బండికి బరువే తెలియదు. పైనుంచి రెండు బెల్టులు వేసి, వాటిని బిగించే రాట్చెట్ నాలుగుసార్లు తిప్పితే పని అయిపోయిందనుకుంటారు. నిండు కంటైనర్‌కైతే నలుగురు వచ్చి చూస్తారు, కాగితాలు అడుగుతారు, లాకులు సరిచూస్తారు. ఖాళీదాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు జాగ్రత్త అవసరమైంది మాత్రం దీనికే. కారణం లెక్కలోనే ఉంది.

40 అడుగుల హైక్యూబ్ కంటైనర్ (మామూలుదానికన్నా ఒక అడుగు ఎత్తైనది) ఖాళీగా సుమారు 3,900 కిలోలు తూగుతుంది. సరుకుతో కలిపి 30,480 కిలోల వరకు మోసేలా తయారైన పెట్టె అది. అంటే ఖాళీ అయితే బరువు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పక్కగోడ వైశాల్యం మాత్రం ఎప్పుడూ అంతే. పొడవు 12.192 మీటర్లు, ఎత్తు 2.896 మీటర్లు, అంటే 35 చదరపు మీటర్ల పైచిలుకు. గాలికి లోపల సరుకు ఉందో లేదో తెలియదు. అది తోసేది గోడని.

బ్రేకు వేసినప్పుడు కంటైనర్ ముందుకు జారడానికి చూస్తుంది. ఆ జారే బలం బరువును బట్టి ఉంటుంది. డెక్ (ట్రెయిలర్ నేల) మీద దాన్ని నిలిపి ఉంచే ఘర్షణా బరువును బట్టే ఉంటుంది. రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కాబట్టి ఒకే డెక్ మీద, ఒకే బ్రేకుకు ఖాళీ కంటైనర్‌కూ నిండు కంటైనర్‌కూ జారే గుణంలో తేడా ఉండదు. మలుపులోనూ అంతే. తేడా అంతా గాలి దగ్గరే వస్తుంది, ఎందుకంటే గాలి తోపుకు బరువుతో సంబంధం లేదు.

ఇనుప డెక్ మీద ఇనుప కంటైనర్ ఉంటే ఘర్షణ గుణకం, అంటే బరువులో ఎన్నో వంతు పట్టుగా మారుతుందో చెప్పే అంకె, 0.2 అని లెక్కలో తీసుకుంటారు. ఏ కట్టూ లేకుండా నిలబడ్డ 3,900 కిలోల కంటైనర్‌ను పక్కకు జరపాలంటే 780 కిలోల తోపు చాలన్నమాట. సెకనుకు 17 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 62 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి వీచే గాలి ఆ గోడ మీద సరిగ్గా అంత తోపు పెడుతుంది. వాన పడో, నూనె మరకల వల్లో, బురద వల్లో గుణకం 0.1కి దిగితే 44 కిలోమీటర్ల గాలే ఎక్కువ. అదే కంటైనర్ పూర్తిగా నిండి ఉంటే జరపడానికి 6,000 కిలోలు దాటిన తోపు కావాలి, గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి వీచాలి. అలాంటి గాలి తుఫానులో తప్ప రాదు, ఆ రోజు బండి రోడ్డు మీద ఉండదు. 62 కిలోమీటర్ల గాలి అలా కాదు. వంతెన మీదా, గట్టు రోడ్డు మీదా, కొండల మధ్య సందు దగ్గరా ఒక్క విసురుగా ఎప్పుడైనా రావచ్చు.

ఇందులో మరో సంగతి ఉంది. ఖాళీ కంటైనర్ గాలికి బోల్తా పడుతుందని భయపడతారు కానీ, అది ముందు జారుతుంది, ఆ తర్వాతే ఒరుగుతుంది. ఏ కట్టూ లేని హైక్యూబ్ ఉన్నచోటే ఒరగాలంటే గంటకు 125 కిలోమీటర్ల పైన గాలి కావాలి. జారడానికి అందులో సగం చాలు. జారుతూ ఒక మూల డెక్ అంచు దాటిందంటే మాత్రం ఆ తర్వాత ఒరగడం ఇంకా తేలికవుతుంది. 20 అడుగుల కంటైనర్ కొంచెం నయం. దాని గోడ 15.7 చదరపు మీటర్లే, బరువు 2,250 కిలోల దగ్గర ఉంటుంది, అదే 0.2 లెక్కన జరపడానికి 70 కిలోమీటర్ల గాలి కావాలి. నయమే కానీ, నిశ్చింత మాత్రం కాదు.

పైన వేసిన లెక్క అంతా బండి నున్నటి రోడ్డు మీద కుదుపు లేకుండా పోతున్నట్టు అనుకుని వేసింది. నిజంగా అలా జరగదు. ట్రెయిలర్ స్ప్రింగు పట్టీలు పాతిక టన్నుల బరువును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. వాటి మీద నాలుగు టన్నులు పెడితే అవి వంగనే వంగవు. ప్రతి గుంతా, ప్రతి స్పీడ్ బ్రేకరూ నేరుగా డెక్‌కు, అక్కణ్ణుంచి కంటైనర్‌కు తగులుతాయి. ఖాళీ బండి నడిపిన ఏ డ్రైవర్‌నడిగినా నడుము సంగతి చెబుతాడు. కంటైనర్ ఎగిరిపడిన ఆ క్షణంలో డెక్ మీద దాని బరువు దాదాపు ఉండదు, ఘర్షణా ఉండదు. ఆ క్షణంలోనే గాలి తోసినా, బండి మలుపు తిరుగుతున్నా పెట్టె ఒక అంగుళం పక్కకు జరుగుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ట్రెయిలర్ దీన్ని చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు.

నిబంధన అడిగేది, అవసరమైనది

రోడ్డు రవాణాలో సరుకు ఎంత బలానికి తట్టుకోవాలో చాలాచోట్ల అంకెలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195-1 ప్రకారం ముందువైపు సరుకు బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కీ 0.5 వంతు బలాన్ని కట్టు ఆపగలగాలి. అమెరికా ఫెడరల్ నిబంధనల్లోనూ ఇవే అంకెలు కనిపిస్తాయి. కంటైనర్ల వంటి వాటిలో సరుకు సర్దడంపై 2014లో వచ్చిన అంతర్జాతీయ సీటీయూ కోడ్ కూడా రోడ్డు ప్రయాణానికి ఇదే దారిలో నడుస్తుంది. ఈ అంకెలన్నీ బరువులో వంతులుగా చెప్పినవే. ఖాళీ కంటైనర్ విషయంలో చిక్కు వచ్చేది ఇక్కడే. బరువు తక్కువ కాబట్టి లెక్కలో అవసరమైన కట్టూ తక్కువే తేలుతుంది.

ఉదాహరణకు అమెరికా నిబంధన చూద్దాం. కట్లన్నిటి పనిభారం (ఒక్కో కట్టు నిరపాయంగా తట్టుకునే లాగుడు) కలిపి సరుకు బరువులో సగానికి తగ్గకూడదు. 3,900 కిలోల కంటైనర్‌కు అది 1,950 కిలోలు. 4 అంగుళాల వెడల్పు బెల్టు ఒక్కదాని పనిభారమే 5,400 పౌండ్లు, అంటే 2,450 కిలోలు. ఒక్క బెల్టు పైనుంచి వేసి, రెండు వైపులా బిగిస్తే ఈ లెక్క వరకు సరిపోయినట్టే! నిజానికి నిబంధన రాసినవాళ్లు దాన్ని అక్కడితో వదిలేయలేదు. పొడవును బట్టి కట్ల సంఖ్య వేరే ఉంది. సాధారణ సరుకు సూత్రం ప్రకారం 40 అడుగుల వస్తువుకు ముందు అడ్డు ఉంటే నాలుగు, లేకపోతే ఐదు కట్లు పడాలి. అయినా బరువు లెక్క చూసి ‘ఇది తేలికే కదా’ అనుకునే అలవాటు యార్డుల్లో బలంగా పాతుకుపోయింది.

కంటైనర్లకు అక్కడ విడిగా 393.126 అనే సెక్షన్ ఉంది. ఖాళీ కంటైనర్‌కు అది ఒక వెసులుబాటు ఇస్తుంది. నిండు కంటైనర్‌కు కింది నాలుగు మూలలూ బండి మీద ఆనాలి, లేదా బరువు మోయగల ఆధారం మీద ఉండాలి. ఖాళీదానికి, అదీ కంటైనర్ ఛాసిస్ (కంటైనర్ల కోసమే చేసిన ట్రెయిలర్ చట్రం) కాని బండి మీద అయితే, ఆ షరతు లేదు. మూలలు డెక్ దాటి బయటికి ఉండొచ్చు, ముందుకైనా వెనక్కైనా 5 అడుగులు మించకుండా. దానికి ప్రతిగా అడిగేవి: కట్టు వేయకముందే పెట్టె తూకంగా, నిలకడగా కూర్చోవాలి, బండి మలుపులకు అడ్డు రాకూడదు, పక్కలకూ ముందువెనకలకూ పైకీ కదలకుండా బిగించి ఉండాలి. వీటిలో మొదటిదాన్ని మళ్లీ చదవాలి. కట్టు వేయకముందే నిలకడగా ఉండాలి. ఊగుతున్న పెట్టెను బెల్టుతో లాగిపెట్టి నిలబెట్టడం కుదరదని అర్థం. ‘పైకి’ అన్న మాటా ఊరికే పెట్టింది కాదు. నిండు కంటైనర్‌కు పైకి లేవడం పెద్ద బెడద కాదు. ఖాళీదానికి అది నిజమైన బెడద.

పైనుంచి వేసే బెల్టు చేసే పని

కంటైనర్ వెడల్పు 2.438 మీటర్లు. ట్రెయిలర్ డెక్ యూరప్‌లో 2.55, అమెరికాలో 2.59 మీటర్లు. రెండు వైపులా మిగిలే సందు అరచేతి వెడల్పు కూడా ఉండదు. అందుకే పైకప్పు మీదుగా వేసిన బెల్టు గోడ వెంట దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. అది కంటైనర్‌ను కిందికి అదుముతుంది, అంతే. పక్కకు లాగి పట్టుకోదు, ముందుకు పోతుంటే వెనక్కి లాగదు. అదమడం వల్ల పెరిగిన ఘర్షణే దాని పని మొత్తం.

ఆ ఘర్షణ ఎంతో చూద్దాం. బెల్టు లేబుల్ మీద రెండు అంకెలు ఉంటాయి. ఎల్‌సీ 2,500 అని ఉండేది బెల్టు తట్టుకునే లాగుడు. ఎస్‌టీఎఫ్ అని ఉండేది చేత్తో రాట్చెట్ బిగిస్తే బెల్టులో నిలిచే బిగువు. ఇది మామూలుగా 300 నుంచి 500 మధ్య ఉంటుంది. జనం చూసేది మొదటి అంకెని, పైనుంచి వేసే కట్టుకు పనికొచ్చేది రెండోది. రెండు వైపులా 400 కిలోల చొప్పున ఒక బెల్టు 800 కిలోలు అదిమిందనుకుందాం (రాట్చెట్‌కు అవతలి వైపు బిగువు నిజానికి ఇంకాస్త తక్కువే). ఇనుము మీద ఇనుము, గుణకం 0.2. అంటే ఒక్కో బెల్టు ఇచ్చే పట్టు 160 కిలోలు. బ్రేకుకు తట్టుకోవాలంటే 3,900లో 0.8 వంతు, అంటే 3,120 కిలోలు ఆపాలి. సొంత బరువు వల్ల వచ్చే ఘర్షణ 780 పోగా 2,340 మిగులుతుంది. దాన్ని 160తో భాగిస్తే 15 బెల్టులు తేలతాయి. భద్రత కోసం కలపాల్సిన అదనం కలపకముందు మాట ఇది. నాలుగు టన్నుల ఖాళీ పెట్టెకు పదిహేను బెల్టులు ఎవరూ వేయరు. వేసేది మూడో నాలుగో.

ఇదే లెక్కను జారని రబ్బరు మ్యాట్ వేసి చేస్తే కథ మారిపోతుంది. శుభ్రమైన మ్యాట్ మీద గుణకం 0.6 తీసుకోవచ్చు. సొంత బరువే 2,340 కిలోలు ఆపుతుంది, మిగిలిన 780కి ఒక్కో బెల్టు 480 ఇస్తుంది. రెండు బెల్టులు సరిపోతాయి. పదిహేను నుంచి రెండుకు! బెల్టులు కొనే డబ్బులో కొంత మ్యాట్ల మీద పెట్టడమే తెలివైన పని అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయితే ఆ మ్యాట్ ఎక్కడ వేస్తారన్నది చూడాలి. కంటైనర్ అడుగు భాగం మొత్తం డెక్‌కు తగలదు. నాలుగు మూలల్లో ఉండే కార్నర్ కాస్టింగులు (రంధ్రాలున్న గట్టి పోత ఇనుప దిమ్మెలు) అడుగు దూలాల కన్నా సుమారు 12.5 మిల్లీమీటర్లు కిందికి పొడుచుకుని ఉంటాయి. సమంగా ఉన్న డెక్ మీద ఖాళీ పెట్టె నిలబడేది ఆ నాలుగు పాదాల మీదే. ఒక్కో పాదం కొలత 178 మిల్లీమీటర్లు ఇంటూ 162. ఒక పుస్తకం అంత కూడా లేదు. నడిమధ్యలో వరసగా పరిచిన పలచటి రబ్బరు ముక్కలకు కంటైనర్ తగలనే తగలదు, వాటి కింద చేరిన దుమ్ము తప్ప ఏమీ అదమబడదు. మ్యాట్ పడాల్సింది సరిగ్గా నాలుగు కాస్టింగుల కింద, అంచులు కాస్త బయటికి కనిపించేలా. బయటికి కనిపిస్తే దారిలో ఆపి చూసినప్పుడు అది ఉందో జారిపోయిందో తెలుస్తుంది. కాస్టింగ్ అడుగున అంటుకున్న మట్టి, తుప్పు పెచ్చులు గీకి తీయాలి. పోర్టు యార్డులో రోజుల తరబడి నిలబడ్డ పెట్టె పాదాలకు అవి తప్పకుండా ఉంటాయి.

చెక్క డెక్ ఉన్న ట్రెయిలర్ ఈ విషయంలో ఇనుప డెక్ కన్నా మేలు. పొడి చెక్క మీద ఇనుముకు 0.4, తడి చెక్క మీద 0.3 వరకు గుణకం తీసుకుంటారు. కానీ పాదాల కింద విడి చెక్క దిమ్మెలు పెడితే అదే మేలు దక్కుతుందనుకోకూడదు. కంటైనర్ దిమ్మె మీద జారకపోవచ్చు, దిమ్మె డెక్ మీద జారుతుంది.

ట్రెయిలర్ డెక్ వంపు గురించి ఎవరూ మాట్లాడరు. చాలా ఫ్లాట్‌బెడ్‌లు ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో కొంచెం పైకి ఉబ్బి ఉంటాయి. బరువు పడ్డాక సమం కావాలని అలా తయారుచేస్తారు. పాతిక టన్నులు పడితే సమం అవుతాయి. నాలుగు టన్నులకు కావు. ఆ వంపు 12.5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువైతే 40 అడుగుల ఖాళీ పెట్టె మధ్య దూలాల మీద ఆని, మూలలు గాల్లో ఉంటాయి. అప్పుడు అది అటూ ఇటూ ఊగుతుంది. బెల్టుతో ఒక కొస లాగితే రెండో కొస లేస్తుంది. క్రేన్ వదిలాక కట్టే ముందు నాలుగు మూలల దగ్గరా వంగి, పాదం కింద వెలుతురు కనిపిస్తోందా అని చూడటం రెండు నిమిషాల పని. వెలుతురు కనిపిస్తే ఆ మూల కింద మందపాటి మ్యాట్‌తోనో కదలకుండా బిగించిన దిమ్మెతోనో ఆధారం ఇచ్చాకే కట్టు మొదలుపెట్టాలి.

మూలలే గట్టి చోట్లు

కంటైనర్ పుట్టిందే మూలలతో పట్టుకోవడానికి. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ ఓడ ఐడియల్-ఎక్స్ నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 58 పెట్టెలతో బయల్దేరింది. ఆయన దగ్గర పనిచేసిన ఇంజనీర్ కీత్ టాంట్లింగర్ పెట్టె మూలల్లో కాస్టింగులు, వాటిలో దూరి తిరిగి పట్టుకునే ట్విస్ట్‌లాక్ రూపొందించాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే మూలలకు ఐఎస్‌ఓ 1161 ప్రమాణం. ఎత్తినా, ఓడలో ఒకదానిపై ఒకటి పేర్చినా బలమంతా ఎనిమిది మూలల గుండా, నాలుగు స్తంభాల గుండా పోతుంది. మిగతా పెట్టె అంతా పలచటి రేకు. పక్కగోడ రేకు మందం 1.6 మిల్లీమీటర్లు, పైకప్పు 2 మిల్లీమీటర్లు. పైకప్పుకు పెట్టే పరీక్ష కూడా 600 ఇంటూ 300 మిల్లీమీటర్ల చోట 300 కిలోలు మోయడమే. మనిషి ఎక్కి నడవడానికి చాలు, బెల్టులతో ఎడాపెడా అదమడానికి కాదు.

అందుకే పెట్టె మధ్యలో గట్టిగా బిగించిన బెల్టు పై అంచు పట్టీని లోపలికి లాగుతుంది. ఆ వంపు అప్పటికప్పుడు కనిపించదు. తర్వాత ఎక్కడో తనిఖీలో ‘టాప్ రెయిల్ బెండ్’ అని రిపోర్టులో పడి, మరమ్మతు బిల్లు వచ్చాక గొడవ మొదలవుతుంది. బెల్టే వేయాల్సి వస్తే మూల స్తంభాలకు వీలైనంత దగ్గరగా వేయాలి. పై అంచు దగ్గర బెల్టు కింద కార్నర్ ప్రొటెక్టర్ (అంచు తగలకుండా కాపాడే ముక్క) పెట్టాలి, లేకపోతే ఇనుము అంచు కుదుపు కుదుపుకూ బెల్టును కోస్తుంది. గోడ ముడతల మీదుగా దిగే రెండున్నర మీటర్ల బెల్టు గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఆ అదురుకే రాట్చెట్ వదులవుతుంది, బెల్టు అంచు పోగులు లేస్తాయి. ఆ నిలువు భాగంలో ఒక్క మెలిక వేస్తే అదురు చాలావరకు ఆగుతుంది. డ్రైవర్లు అనుభవంతో పట్టుకున్న చిట్కా ఇది.

ట్రెయిలర్‌కే ట్విస్ట్‌లాకులు ఉంటే ఈ బాధలన్నీ చాలావరకు తీరినట్టే. డెక్‌లోకి ముడుచుకునే లాకులున్న ఫ్లాట్‌బెడ్‌లు దొరుకుతాయి. నాలుగు లాకులూ తిరిగి కూర్చుంటే పెట్టె జారదు, లేవదు, బరువుతో పనే లేదు. ఇక్కడ చూడాల్సింది లాకు ఉందా లేదా అని కాదు, తిరిగిందా లేదా అని. తల కాస్టింగ్ రంధ్రంలోకి దూరి, తిరగకుండా ఆగిపోయిన లాకు జారడాన్ని ఆపుతుంది కానీ పైకి లేవడాన్ని ఆపదు. నిండు కంటైనర్‌తో అలా వెళ్లినా బరువు వల్ల గండం గడిచిపోవచ్చు. ఖాళీదాన్ని ఒక గుంతా ఒక గాలి విసురూ కలిసి లేపేస్తాయి. పిడి ఏ దిక్కున ఉంటే లాకు పడినట్టో ఒక్కో తయారీలో ఒక్కో రకంగా ఉంటుంది, కాబట్టి పిడి చూసి కాక తల చూసి నిర్ధారించుకోవాలి. కాస్టింగ్ పక్క రంధ్రంలోంచి టార్చి వేస్తే తల అడ్డం తిరిగిందో లేదో తెలిసిపోతుంది.

లాకులు ఉన్నా, అవి ఆ పెట్టె పొడవుకు పడకపోవచ్చు. 20 అడుగుల పెట్టెకు రంధ్రాల మధ్య దూరం పొడవునా 5,853 మిల్లీమీటర్లు, 40కి 11,985. అడ్డంగా రెండిటికీ 2,259. రెండు లాకులు పడి రెండు పడకపోతే ‘సగమైనా పడ్డాయి’ అని వదిలేయడం ప్రమాదం. పట్టులేని కొస ఎగురుతుంది, పట్టున్న కొస దగ్గర లాకు మెడ విరుగుతుంది.

లాకులు లేని మామూలు ఫ్లాట్‌బెడ్ మీద అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి కింది కాస్టింగుల నుంచి అడ్డంగా వేసే చైన్లు. ముందు వైపు ఎడమ కాస్టింగ్ నుంచి చైన్ డెక్ కుడి అంచుకు, కుడి కాస్టింగ్ నుంచి ఎడమ అంచుకు. వెనక వైపూ అంతే. పెట్టె ముందూ వెనకా కొంత డెక్ మిగిలి ఉంటేనే ఇది కుదురుతుంది. 13.6 మీటర్ల ట్రెయిలర్ మీద 40 అడుగుల పెట్టె పెడితే మొత్తం 1.4 మీటర్లు మిగులుతుంది, రెండు కొసలకూ పంచితే సరిపోతుంది. ఇలా వేసిన చైన్ ఘర్షణ మీద ఆధారపడదు. పెట్టె ఎటు కదలబోయినా ఒక చైన్ నేరుగా లాగి పట్టుకుంటుంది. గంటకు 90 కిలోమీటర్ల పక్కగాలి హైక్యూబ్ మీద సుమారు 1,650 కిలోల తోపు పెడుతుంది. మలుపు బలం 1,950 కిలోలు దానికి కలిసినా మొత్తం 3,600. గ్రేడ్ 80 రకం 8 మిల్లీమీటర్ల చైన్ ఒక్కటే 4,000 కిలోల లాగుడుకు తట్టుకుంటుంది, ఏ పక్కకైనా పనిచేసేవి రెండుంటాయి. పై బెల్టుల లెక్కతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

చైన్ల దగ్గర బలహీనమైన చోటు హుక్కే. మామూలు హుక్కు కాస్టింగ్ రంధ్రంలో పూర్తిగా దిగదు, ముక్కు కొస మీద ఆగుతుంది. బిగువు వచ్చేసరికి ముక్కు విచ్చుకుంటుంది, లేదా కుదుపుకు ఊడుతుంది. కాస్టింగుల కోసమే తయారైన హుక్కులు, షాకిల్స్ వాడాలి. వాటిలో ఎడమవీ కుడివీ వేరువేరుగా వస్తాయి, తారుమారైతే నోరు తిరగబడి బయటికి జారుతుంది. 20 అడుగుల పెట్టెల అడుగున ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు దూరడానికి ఉండే ఫోర్క్ పాకెట్ల గుండా బెల్టు దూర్చి కట్టడం కూడా కనిపిస్తుంది. పాకెట్ అంచు రేకు కత్తిలా ఉంటుంది. చైన్ అయితే సరే, బెల్టు అయితే వద్దు. ఇక లోపలి నేలకు ఉండే లాషింగ్ రింగులు సరుకును పెట్టెకు కట్టడానికి, పెట్టెను బండికి కట్టడానికి కాదు.

ఒకే ట్రెయిలర్ మీద రెండు 20 అడుగుల పెట్టెలు వెళ్లేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. రెండూ ఆనుకున్న చోట ఒకే బెల్టు వేసి రెండిటికీ పట్టు వచ్చిందనుకుంటారు. ఏ పెట్టెకు ఆ పెట్టె ముందు కొసా వెనక కొసా విడిగా బిగించి ఉండాలి. ఒకటి కదిలినా రెండోదాని కట్టు వదులు కాకూడదు.

పెట్టెను డెక్ మీద ఎక్కడ పెట్టాలన్నది ఖాళీదాని విషయంలో తేలిక. ఇరుసుల మీద బరువు పంపకం గురించి బెంగ లేదు కాబట్టి వీలైతే ముందు హెడ్‌బోర్డ్‌కు (డెక్ ముందు కొసన ఉండే అడ్డుగోడకు) ఆనించి పెట్టేయొచ్చు. బ్రేకు బలంలో పెద్ద వాటా హెడ్‌బోర్డే తీసుకుంటుంది. అయితే ఆనించాలంటే నిజంగా ఆనాలి. నాలుగు వేళ్ల సందు వదిలితే ఆ సందులో పెట్టె వేగం పుంజుకుని బోర్డును గుద్దుతుంది. ముందు అడ్డచైన్లు వేయాలంటే అక్కడ కొంత డెక్ వదలాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు. హెడ్‌బోర్డ్ గట్టిదైతే దానికి ఆనించి, వెనక అడ్డచైన్లు వేసి, ముందు మూలలను పక్కనుంచి వెనక్కి లాగే చైన్లతో పట్టుకుని, పక్కజారుడు కోసం పాదాల కింద మ్యాట్లు వేయడం మంచి రాజీ.

ఎత్తు సంగతి బయల్దేరకముందే తేల్చుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు. 5 అడుగుల ఎత్తున్న డెక్ మీద 8 అడుగుల 6 అంగుళాల మామూలు పెట్టె సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. హైక్యూబ్ అయితే ఒక అడుగు దాటిపోతుంది. యూరప్‌లో చాలా దేశాల పరిమితి 4 మీటర్లు, అక్కడ ఫ్లాట్‌బెడ్ మీద హైక్యూబ్ మాట ఎత్తనే కూడదు. దానికి డెక్ కిందికి దిగిన ట్రెయిలరో గూస్‌నెక్ ఛాసిసో (ముందు భాగం మెడలా పైకి లేచి, మిగతాది కిందికి ఉండే చట్రం) కావాలి. ఎత్తు పెరిగే కొద్దీ గాలి తోపు తగిలే చోటూ పైకి పోతుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

తలుపులు చిన్న విషయంలా కనిపిస్తాయి. ఖాళీ పెట్టెకు సీలు ఉండదు, దించినవాళ్లు పిడిని సగమే నొక్కి వదిలేసి ఉంటారు. దారిలో లాకింగ్ బార్ తిరిగి తలుపు తెరుచుకుంటే రెండు ప్రమాదాలు. పక్కన వెళ్లే బండికి తలుపు తగలడం ఒకటి. లోపలికి గాలి దూరి పెట్టె తెరచాపలా పనిచేయడం రెండోది. రెండు తలుపుల బార్లూ వాటిని పట్టుకునే కొక్కేల్లో (కీపర్లలో) పూర్తిగా కూర్చున్నాయో లేదో చూసి, పిడులకు బోల్టో తీగో వేయాలి. అదే సమయంలో లోపలికి ఒకసారి తొంగిచూస్తే మంచిది. ఖాళీ అని రాసిన పెట్టెలో విరిగిన చెక్కలు, ఇనుప ముక్కలు, ఒక్కోసారి సగం సరుకు కూడా ఉంటాయి. పురుగుమందు పొగ పెట్టిన హెచ్చరిక స్టిక్కర్ ఉంటే మాత్రం తల లోపల పెట్టకూడదు.

బయల్దేరాక మొదటి గంటలో ఎక్కడో ఒకచోట ఆపాలి. అమెరికా నిబంధన మొదటి 50 మైళ్ల లోపు కట్టు సరిచూడమంటుంది, ఆ తర్వాత ప్రతి 150 మైళ్లకో 3 గంటలకో. ఖాళీ పెట్టె విషయంలో ఆ మొదటి ఆపడం మరీ ముఖ్యం. పాదాలు మ్యాట్‌లో సర్దుకోవడం, బెల్టు సాగడం, చైన్ బిగించే బైండర్ లింకులు కూర్చోవడం అంతా మొదటి ముప్పై నలభై కిలోమీటర్లలోనే జరుగుతుంది. బయల్దేరేటప్పుడు కాస్టింగ్ అంచు దగ్గర డెక్ మీద సుద్దతో గీత గీస్తే, ఆగినప్పుడు పెట్టె ఎంత జరిగిందో బెల్టు ముట్టుకోకుండానే తెలుస్తుంది. గీతకూ కాస్టింగ్‌కూ మధ్య వేలు పట్టేంత సందు కనిపిస్తే రాట్చెట్ ఇంకో రెండు పళ్లు తిప్పి ముందుకు పోవడం సరికాదు. కట్టే పద్ధతిలోనే తేడా ఉంది, విప్పి మళ్లీ కట్టాలి. గాలి హెచ్చరిక ఉన్న రోజు పొడవాటి వంతెన ముందు నెమ్మదించడం, అవసరమైతే ఆగడం కూడా ఈ పనిలో భాగమే. ఎందుకంటే నాలుగు లాకులూ పక్కాగా పడిన ఖాళీ పెట్టెను గాలి ట్రెయిలర్ నుంచి విడదీయలేదు కానీ, ట్రెయిలర్‌తో సహా పడగొట్టగలదు.

దించే చోట కూడా తేలికతనమే చిక్కు తెస్తుంది. ఖాళీ కంటైనర్లు ఎత్తే యంత్రాలకు (హ్యాండ్లర్లకు) సామర్థ్యం తక్కువ. ఒక ట్విస్ట్‌లాక్ విడవకుండా మిగిలినా, వెనక ఒక చైన్ విప్పడం మరిచినా ఆ మూలతో పాటు ట్రెయిలరూ లేస్తుంది. ఖాళీ ట్రెయిలర్ కూడా తేలికే కాబట్టి లేస్తున్నట్టు వెంటనే తెలియదు. అప్పుడు హ్యాండ్లర్ ముందుకు తూలొచ్చు, లేదా లాకు విరిగి ట్రెయిలర్ దభాలున కింద పడొచ్చు. కట్లన్నీ విప్పాక డ్రైవర్ క్యాబిన్ దిగి దూరంగా నిలబడాలి. పెట్టెను జానెడు ఎత్తి ఆపి, నాలుగు పాదాల కిందా వెలుతురు కనిపించిందని కిందనున్న మనిషి చెయ్యి ఊపాకే మిగతా ఎత్తు ఎత్తాలి.